ఆగ్నెస్ కోసం ఒక ప్రార్థన

అక్టోబర్ 6, ఆదివారం

ఫెలోషిప్‌లో విజ్ఞాపన ప్రార్థన ఇవాళ నా వంతు. జబ్బుపడ్డవాళ్ల పేర్లు వరసగా చెప్తూ పోయాను... చివర్లో, "నా భార్య ఆగ్నెస్‌ని జ్ఞాపకం చేసుకో ప్రభువా, తనకి నొప్పి లేకుండా చూడు." కీమో రోజుల్లో నా వంతు వచ్చినప్పుడల్లా అన్న మాటే. నోటికి వచ్చేసింది. ఒక్కరూ ఆమేన్ అనలేదు.

ఆగ్నెస్ జూలైలో పోయింది.

7, సోమవారం

పాస్టర్ గారి ఫోన్. కోపంగా ఏం లేరు, అదే ఇబ్బంది. "బ్రదర్, మీరు సంఘ పెద్ద. పోయినవాళ్ల కోసం ప్రార్థన మన దగ్గర లేదు, మీకు నేను చెప్పాలా? వచ్చే ఆదివారం లేచి ఒక్క మాట అనండి. అలవాటులో నోరు జారిందని." సరేనన్నాను. ఆయన అడిగిందాంట్లో తప్పేముంది? సండే స్కూల్లో ఆ పాఠం చెప్పేది నేనే.

8, మంగళవారం

తను ఆర్.సి.ఎం. కాథలిక్, నేను బాప్టిస్టు ప్రొటెస్టంట్. పెళ్లప్పుడు రెండు ఇళ్లవాళ్లూ ఏడ్చారు. మేం మాత్రం బాగానే పోట్లాడుకున్నాం, చివరిదాకా. నేను వాక్యం తీస్తే తను జపమాల తీసేది. "మీవాళ్లకి మనిషి పోతే ఫోన్ కట్టయినట్టే. మేం లైన్లోనే ఉంటాం" — అని నవ్వేది. ఆసుపత్రిలో మాత్రం ఆ ఊసే ఎత్తలేదు. "మీరేం ఇబ్బంది పడొద్దు, పోయాక నా ఆత్మ కోసం పూజ సంగతి అమ్మాయి చూసుకుంటుంది" అంది. నా కోసం ప్రార్థించండి అని అడగలేదు. అడిగితే నేను ఇరుకున పడతానని.

9, బుధవారం

స్కూల్లో నా హిస్టరీ క్లాస్, ఇవాళ ముప్ఫై ఏళ్ల యుద్ధం. బొహీమియాలో కాథలిక్ చక్రవర్తి గెలిచాక ప్రొటెస్టంట్లకి చెప్పేశాడు — కాథలిక్కులమవుతామని ఒప్పుకోండి, లేదా దేశం వదలండి. ఇళ్లూ పొలాలూ వదిలి వెళ్లిపోయినవాళ్లున్నారు. మావాళ్లు కదా, ఏటా కాస్త ఛాతీ విరిచే చెప్తాను. "ప్రేగ్‌లో మీవాళ్లు మా పెద్దగుడిలో విగ్రహాలు పీకేసింది కూడా చెప్పండి మాస్టారూ" అని ఆగ్నెస్ ఎత్తిపొడిచేది. ఈసారి అదే ముందు చెప్పాను.

ముందు వరసలో పిల్ల అడిగింది — మిస్టర్, పైకి ఆ మాట అనేసి ఇంటికెళ్లిపోవచ్చు కదా? గంట కొట్టింది, బతికిపోయాను.

11, శుక్రవారం

చారులో ఉప్పు రెండుసార్లు వేశాను. అలాగే తిన్నాను.

12, శనివారం

ప్లెయిన్స్‌బరో నుంచి అమ్మాయి సోఫీ ఫోన్. జరిగింది చెప్పాను. "డాడీ, జస్ట్ చెప్పెయ్. అమ్మ ఏం ఫీల్ అవ్వదు." తర్వాత కాస్త తటపటాయించి — అక్కడి చర్చిలో అమ్మ పేరు ఇచ్చిందట, నవంబర్‌లో పోయినవాళ్ల కోసం చేసే పూజకి. నీకు ఓకేనా అంది. ఓకే అన్నాను. ఈర్ష్యగా ఉంది. కన్నకూతురి మీద. అది హాయిగా వాళ్లమ్మ కోసం అడుక్కోవచ్చు.

13, ఆదివారం

చొక్కా ఇస్త్రీ చేసుకున్నాను. అద్దం ముందు ఆ మాట అనుకుంటే బాగానే వచ్చింది.

సాక్ష్యాల సమయంలో పాస్టర్ గారు నా వైపు చూశారు. లేచాను. "పోయిన ఆదివారం నేను నా భార్య కోసం ప్రార్థన చేశాను" — అక్కడిదాకా వచ్చింది. అలాగే నిలబడ్డాను. "కూర్చోండి బ్రదర్, తర్వాత మాట్లాడుకుందాం" అన్నారు ఆయన. కూర్చోలేదు. బయటికొచ్చేశాను.

కార్‌లో కూర్చుని రాస్తున్నాను. ఏసీ వేసినా సీటు కాలుతోంది. లోపల పాట మొదలైంది. నా నమ్మకం ఏం మారలేదు — తనకి నా ప్రార్థనతో పనిలేదు, ప్రభువు దగ్గరే ఉంది. తెలుసు. కానీ ఇన్నేళ్లూ తన పేరు లేకుండా నేను ప్రార్థించింది లేదు. ఇప్పుడు తన పేరు తీసేసి మొదలుపెడితే, రెండో మాట రావడంలేదు.

పాస్టర్ గారు తలుపు దగ్గర నిలబడి పార్కింగ్ అంతా చూస్తున్నారు. లోపలికి పిలవడానికో, ఇంటికి వెళ్లమనడానికో...