గొడుగుపేట దాటని నడక

నవంబరు 3, ఆదివారం

నిర్ణయం అయిపోయింది! రేపటి నుంచి రోజూ సాయంత్రం ఇంటిల్లిపాదీ నడక!

ఆలోచన మా ఆడబిడ్డ నీలవేణిది. పొద్దున సెల్లులో ఒక వీడియో చూపించింది. ఇంగ్లండులో ఏదో పాత సంత ఊరట. రాతి వంతెన, పాత చర్చి, పెంకుటిళ్ళు. తల్లీ తండ్రీ పిల్లలూ ముసలమ్మా, వెనక కుక్కా, అందరూ కలిసి ఊరు చుట్టి వస్తున్నారు. ఎవరూ ఎక్కడా ఆగడం లేదు!

"మన బందరు తక్కువా వదినా? ఇంగ్లీషువాళ్ళూ, వలందాలనే డచ్చివాళ్ళూ, పరాసులనే ఫ్రెంచివాళ్ళూ ఓడలేసుకొచ్చి బట్టలు కొనుక్కెళ్ళిన ఊరు. బట్టల కొట్టువాళ్ళమై ఉండి మనం ఈ గొడుగుపేటా, ఆ కోనేరు సెంటరూ దాటి ఏం చూశాం?" అంది.

అత్తగారు వెంటనే ఒప్పుకున్నారు. మోకాళ్ళ కోసం నడవమని డాక్టరు ఎప్పటి నుంచో మొత్తుకుంటున్నాడు. సాయంత్రాలు కొట్లో తాను కూర్చుంటానని మామగారు అన్నారు. మా ఆయన పేపరు లోంచి తల ఎత్తకుండా "సరే" అన్నారు.

నా సంగతి వేరు. పెళ్ళయి ఐదు నెలలు. పగటిపూట నేను ఆయనతో అన్న మాటలు: "అన్నం పెట్టనా", "మజ్జిగా", "గొడుగు మర్చిపోయారు". రాత్రి మాట్లాడదామంటే అత్తగారి నిద్ర పల్చన, మధ్య తలుపు ఇంకా పల్చన. రోడ్డు మీదైతే పక్కపక్కన నడవచ్చు. ఏదో ఒకటి మాట్లాడక తప్పుతుందా!

నీలవేణి చెప్పిన దారులు:
సోమ - ఇంగ్లీషుపాలెం
మంగళ - వలందపాలెం
బుధ - పరాసుపేట
ఆదివారం - బందరుకోట!!

మొదటి మాట ఏమిటో కూడా అనుకున్నాను. "మీకు చిన్నప్పుడు స్నేహితులెవరు?" అంట్లు తోముతూ నాలుగైదుసార్లు అనుకున్నాను. బాగానే వస్తోంది.

నవంబరు 4, సోమవారం

ఐదున్నరకి బయల్దేరాం. కొత్త చెప్పులు. మల్లెపూలు కూడా పెట్టుకున్నాను.

మూడో ఇల్లు మార్త టీచరు గారిది. గేటు దగ్గరే నిలబడి ఉన్నారు.

"ఏం రావమ్మా, కోడల్ని వేసుకుని ఎటు?" అని అత్తగారిని పేరు పెట్టి పలకరించారు.

"నడకకి టీచరుగారూ."

"నడక ఎక్కడికి పోతుంది? ఇంత టీ తాగి వెళ్ళండి."

పిలిచాక వెళ్ళకపోతే ఏమనుకుంటారని అత్తగారు లోపలికి నడిచారు. మా ఆయన వరండాలో టీచరుగారి భర్త పక్కన కూర్చుని క్రికెట్ చూశారు. గంటన్నర!

నడిచిన దూరం: మూడిళ్ళు.

పరవాలేదు. మొదటి రోజు ఇంతే. రేపు వలందపాలెం!

నవంబరు 5, మంగళవారం

ఇవాళ ఎవరు పిలిచినా ఆగకూడదని ఇంట్లోనే అనుకుని బయల్దేరాం. మార్త టీచరుగారి గేటు ముందు తలలు వంచుకుని దొంగల్లా నడిచాం. మలుపు తిరిగాం! నీలవేణి ముందుకి పోయింది. ఆయన నా పక్కన!! నేను గొంతు సవరించుకుని అడిగేశాను.

"మీకు చిన్నప్పుడు స్నేహితులెవరండీ?"

వెనక నుంచి అత్తగారు అందుకున్నారు. "వీడికి స్నేహితులేంటే నాగా! పదేళ్ళదాకా నా కొంగు వదిల్తే కదా!"

ఆయన నాలుగడుగులు ముందుకి పోయి నీలవేణితో కలిశారు.

అంతలో మేడ మీద నుంచి కేక. ఛాయాదేవి పెద్దమ్మగారు. అత్తగారికి అక్క వరస, డెబ్భై దాటాయి, గొంతు మాత్రం దాటలేదు.

"ఒసేయ్ రావమ్మా! నా గుమ్మం ముందు నుంచి మొహం తిప్పుకుని పోతున్నావా? చచ్చాననుకున్నావా?"

పకోడీలు. టీ. మళ్ళీ పకోడీలు.

వలందపాలెం రేపు.

నవంబరు 7, గురువారం

నిన్న వాన. వాన మా తప్పు కాదు.

ఇవాళ వాన లేదు. సరిగ్గా ఐదున్నరకి, చెప్పులేసుకుంటుంటే, మార్త టీచరుగారూ వాళ్ళాయనా వచ్చారు. "మీరు వచ్చారు, మేం రాకపోతే బాగుంటుందా!" అన్నారు. బాగుండేది అని నాకు అనిపించింది. చెప్పులు విప్పి టీ పెట్టాను.

నవంబరు 10, ఆదివారం

ఈ రోజు బందరుకోట. పులిహోర కూడా కట్టాను.

నాలుగింటికి ఆటో ఆగింది. ఛాయాదేవి పెద్దమ్మగారి కొడుకూ కోడలూ పిల్లలూ. మేం నడకలు మొదలుపెట్టామట, ఇళ్ళకి తిరుగుతున్నామట, వాళ్ళింటికి రెండోసారి ఎప్పుడొస్తామో తెలీదు కాబట్టి వాళ్ళే వచ్చారట! శుక్రవారం ఎవరో, శనివారం ఇంకెవరో వచ్చారు. ఊరంతా మా ఇంటికి నడిచి వస్తోంది. మేమే నడవడం లేదు.

పాలావిడ రెండో చెంబు పోస్తూ గుసగుసగా అడిగింది. "ఏంటమ్మా, మీ ఆడబిడ్డకి పెళ్ళిచూపులా?" నీలవేణి ఆ మాట విని గదిలోకి పోయి తలుపేసుకుంది.

పులిహోర అయిపోయింది. కోట మాత్రం అక్కడే ఉంది.

నవంబరు 12, మంగళవారం

నీలవేణి: పరీక్షలట. (డిసెంబరులో.)
ఆయన: కొట్లో కొత్త సరుకు దిగిందట.
అత్తగారు: వచ్చినవాళ్ళ కోసం లేచి కూర్చుని, లేచి కూర్చుని మోకాళ్ళు వాచాయట.
నేను: బజ్జీలకి ఉల్లిపాయలు తరుగుతూ ఏడ్చాను. మంచి ఉల్లిపాయలు.

నవంబరు 15, శుక్రవారం

నడక రద్దు. ఎవరూ రద్దు చేశామని అనలేదు. ఎవరూ చెప్పులు వేసుకోలేదు, అంతే.

చెప్పులకి కాగితం చుట్టి అటక మీద పెట్టాను. ఐదు నెలలు ఆగినదాన్ని, ఇంకో ఐదు నెలలు ఆగలేనా. ఆగలేను. కానీ ఎవరితో చెప్పను?

నవంబరు 17, ఆదివారం

వంటిల్లు సర్దకుండానే ముందు ఇది రాస్తున్నాను!

సాయంత్రం ఛాయాదేవి పెద్దమ్మగారు ఒక్కరే కర్ర పట్టుకుని వచ్చారు. టీ తాగారు, ఊళ్ళో అందరినీ తిట్టారు, చీకటి పడుతుంటే లేచారు. ఇంటికొచ్చిన పెద్దావిడని ఒంటరిగా పంపిస్తామా! అత్తగారు మోకాలు పట్టుకుని కూలబడ్డారు. నీలవేణి పుస్తకం అడ్డం పెట్టుకుంది.

"ఒరేయ్ శంకరా, నువ్వు దిగబెట్టి రా. నాగా, నువ్వు కూడా వెళ్ళి అక్క చెయ్యి పట్టుకో. వీడు పట్టుకుంటే లాక్కుపోతాడు" అన్నారు అత్తగారు.

నేను పాత చెప్పులతోనే పరుగెత్తాను.

పెద్దమ్మగారిని మేడ ఎక్కించాం. లోపలికి రమ్మంటే "చీకటి పడింది పెద్దమ్మా" అన్నారు ఆయన. కిందకి దిగాం. ఇద్దరమే!

ఒక్క మాటా గుర్తు రాలేదు. వీధి సగం అయిపోయింది. అప్పుడు ఆయనే అన్నారు.

"రెండు వారాల్నుంచి నడక నడక అన్నాం. ఒక్క మాటైనా మాట్లాడవేంటి?"

"అడిగానుగా! మీరే నీలవేణి దగ్గరికి పారిపోయారు."

"అమ్మ కొంగు సంగతి ఎత్తాక నిలబడమంటావా?"

నాకు నవ్వు ఆగలేదు. ఆయనకీ ఆగలేదు. గట్టిగా, కొట్లో షట్టరు ఎత్తినట్టు నవ్వుతారు! ఐదు నెలల్లో నాకు ఈ సంగతి తెలీదు.

మలుపు దగ్గర కుడి వైపు తిరగాల్సింది ఎడమకి తిరిగారు.

"ఏమండీ, ఇటు చుట్టు అవుతుంది."

"తెలుసు."

ఆ తర్వాత ఏం మాట్లాడుకున్నామో ఇక్కడ రాయను.

ఇంటికొచ్చేసరికి అత్తగారు గుమ్మంలో ఉన్నారు. "ఇంతసేపా?"

"పెద్దమ్మ టీ ఇచ్చింది" అన్నారు ఆయన. "కూర్చోమన్నారు అత్తయ్యా" అన్నాను నేను. రెండూ ఒకేసారి.

"మంచి పని చేశారు. తాగకుండా వస్తే ఏమనుకునేది" అన్నారు అత్తగారు.

నవంబరు 18, సోమవారం

పొద్దున ఇడ్లీలు తింటూ ఆయన అడిగారు.

"అమ్మా, ఇంగ్లీషుపాలెంలో మనవాళ్ళెవరూ లేరా? పాపం, ఒకసారి టీకి పిలవాలి."

"ఎప్పుడూ లేంది నీకు చుట్టాల మీద ప్రేమేంట్రా!" అన్నారు అత్తగారు. కాస్త ఆలోచించి, "మీ నాన్న మేనత్త ఉంది. కళ్ళు సరిగ్గా ఆనవు, చెయ్యి పట్టుకుని నడిపించాలి" అన్నారు.

"అయ్యో, మేం నడిపిస్తాంగా. వలందపాలెంలో?"

ఆయన నా వైపు చూశారు. నేను చట్నీ గిన్నె వదిలేశాను.

కొత్త నిర్ణయం! రేపటి నుంచి రోజూ సాయంత్రం ఎవరో ఒకరు టీకి రావాలి. గొడుగుపేటవాళ్ళు వద్దు. పెద్దవాళ్ళయితే మంచిది, మెల్లగా నడిచేవాళ్ళయితే మరీ మంచిది. బందరుకోట ఊళ్ళో ఎవరైనా చుట్టాలున్నారేమో సాయంత్రం అత్తగారిని అడగాలి. లేకపోతే ఎవరితోనైనా చుట్టరికం కలుపుకోవాలి!