బావి దగ్గర కలుద్దామన్న మనిషి

సీతాఫల్‌మండి,
ఆదివారం సాయంత్రం

ప్రియమైన అక్కకు,

ఎస్తేరు వందనాలు. దేవుడు చల్లగా చూస్తున్నాడు, నేను బాగున్నాను. నువ్వూ బావగారూ పిల్లలూ కూడా బాగున్నారని తెలిస్తే నా మనసు కుదుటపడుతుంది. బావగారి మోకాలి నొప్పి తగ్గిందా? మెట్లు ఎక్కవద్దని నేను చెప్పానని చెప్పు.

ఈ సంగతి ఫోన్‌లో చెబితే సగం వినేసరికే కంగారుపడి బావగారిని పిలుస్తావు. అందుకే మొత్తం రాస్తున్నాను. నాకేమీ కాలేదు, ముందు అది తెలుసుకుని చదువు.

స్కూల్లో ఉద్యోగం బాగానే ఉంది. నేను మన గోదావరి యాసలో "ఆయ్" అన్నప్పుడల్లా ఎనిమిదో తరగతి పిల్లలు నవ్వుతారు, నేనూ నవ్వుతాను. పొద్దున్నే చలి ఎక్కువగా ఉంటోంది. చేపలు దొరుకుతాయి గానీ ఐసులో పడుకుని వస్తాయి, వండినా ఆ నీరసం పోదు. కష్టమల్లా ఆదివారం మధ్యాహ్నమే. గుడిలో ఆరాధన అయ్యాక వచ్చి తలుపు వేసుకుంటే మళ్ళీ సోమవారం దాకా నాతో మాట్లాడేవాళ్ళు ఉండరు.

అందుకని ఫోన్‌లో ఒక ఆడవాళ్ళ గ్రూపులో చేరాను. ఊరు చూడాలని ఉండి తోడు లేనివాళ్ళు అందులో రాసుకుంటారు. ఎక్కడికి ఏ బస్సు పోతుంది, ఏ చోట ఒంటరిగా తిరగకూడదు, ఎక్కడ కూర్చుని తినవచ్చు, అన్నీ చెబుతారు. వాళ్ళ మాట పట్టుకుని రెండు మూడు చోట్లకు వెళ్ళొచ్చాను. ఫోటోలు మాత్రం ఇంటికి వచ్చి తలుపు వేసుకున్నాకే పెట్టేదాన్ని. నేను ఎక్కడున్నదీ ఎవరికీ తెలియకూడదు కదా.

నా ప్రతి ఫోటో కింద ఈ ఊళ్ళోనే కాప్రా నుంచి కమల అనే ఆవిడ ఏదో ఒకటి రాసేది. ఆవిడ పేరు పక్కన మొహం లేదు, చెరువు బొమ్మ ఉంది. మొదట్లో సంతోషించాను. తరువాత ప్రశ్నలు మొదలయ్యాయి. ఒక్కదానివే ఉంటావా? ఏ స్కూలు? ఇల్లు స్టేషన్‌కు ఏ వైపు? నేను దేనికీ సూటిగా జవాబివ్వలేదు. ఆడపేరు పెట్టుకున్న మగవాడేమో అనుకున్నాను. పోయిన వారం, "బన్సీలాల్‌పేట్ మెట్లబావి చూసినవా? ఆదివారం కలుద్దాం" అని రాసింది.

వెళ్ళాలని ఉంది, భయంగానూ ఉంది. కింద ఉండే ఇంటావిడ అంజమ్మ గారికి చెప్పాను.

"మొఖం తెల్వని మనిషితోని ఎట్ల పోతవమ్మా? వద్దు," అంది. మళ్ళీ తనే, "పోతే నేను సుత వస్తా. దూరంగ నిలబడ్త. ఏమన్న తేడా కొడితే కొంగు తలమీద ఏసుకో," అంది.

ఈ రోజు అలాగే వెళ్ళాం. అంజమ్మ గారు గేటు దగ్గర గొడుగు పట్టుకుని నిలబడింది. బావి ఎంత బాగుందో అక్కా, రాతి మెట్లు వరసలుగా నీళ్ళలోకి దిగిపోతాయి. కానీ నేను బావిని ఎక్కడ చూశాను, మనుషుల్నే చూస్తున్నాను. అరవై దాటిన ఒక పెద్దావిడ చెయ్యి ఊపుతూ వచ్చింది. కమలమ్మ గారే. నా ప్రాణం కుదుటపడేలోపే ఆవిడ వెనక స్తంభం చాటున ఒక మగమనిషి కనిపించాడు. ఫోన్ ఎత్తి బావిని ఫోటో తీస్తున్నట్టు నటిస్తున్నాడు, చూపంతా నామీదే. కొంగు తలమీద వేసుకున్నాను.

అంజమ్మ గారు గొడుగు మూసి నేరుగా వెళ్ళి అతని చెయ్యి పట్టుకుంది.

"ఎవర్రా నువ్వు? ఆడపిల్లల ఫోటోలు ఎందుకు తీస్తున్నవ్?"

"చెయ్యి ఇడువు! ఆమె మా అమ్మ. మీరెవరు? మీరంతా ఒక గ్యాంగా?" అని అతను అరిచాడు.

నేను కమలమ్మ గారి వైపు తిరిగాను. ఆవిడ మొహం ఎర్రబడింది.

"నా కొడుకు శ్రీకాంత్. దూరంగ ఉంటనన్నడు బిడ్డా," అంది. పోయినేడు ఇలాగే ఫోన్‌లో పరిచయమైన ఒకామె గుళ్ళు చూపిస్తానని తీసుకుపోయి, దారిలో ఈవిడ మెడలో గొలుసు తెంపుకుని పోయిందట. "అప్పటిసంది నన్ను గేటు దాటనిస్తలేడు. నీ పేరు పక్కన సుత మొఖం లేదు, గోదారి బొమ్మ ఉన్నది. అడిగితే ఏదీ చెప్పవైతివి. మస్తు పరేషాన్ అయిండు."

శ్రీకాంత్ ఆవిడ చెయ్యి పట్టుకుని, "చాలు, ఇంటికి పోదాం పా," అన్నాడు. ఆవిడ బావి వైపు ఒక్కసారి చూసి చెప్పులు సర్దుకుంది. ముప్పై ఏళ్ళు ఆఫీసుకూ ఇంటికీ మధ్యే తిరిగానని గ్రూపులో రాసుకున్న మనిషి అక్కా. ఇప్పుడు వెళ్ళిపోతే మళ్ళీ బయటకు రాదని నాకు అర్థమైంది.

"ఒక్క నిమిషం ఆగండి," అన్నాను. స్కూలు కార్డు తీసి అతని చేతిలో పెట్టాను. ఇంటి నంబరు చెప్పాను, గుడి పేరు చెప్పాను. అన్ని రోజులు దాచినవన్నీ నడిరోడ్డున నిలబడి చెప్పినట్టు చెప్పాను. అతను కార్డును అటూ ఇటూ తిప్పి ఫోటో తీసుకున్నాడు. అంజమ్మ గారు ఊరుకుంటుందా? "నీ కార్డు సుత చూపియ్యి మరి," అంది. అతనూ చూపించాడు. ఆ ఫోటో నేనూ తీసుకున్నాను.

తరువాత కమలమ్మ గారూ నేనూ బావి చుట్టూ నెమ్మదిగా తిరిగాం. వాళ్ళిద్దరూ ఎదురెదురు గట్ల మీద కూర్చుని, ఒకరినొకరు చూసుకుంటూ మాకు కాపలా కాశారు.

ఇప్పుడు అసలు మాట. సెలవులకు వచ్చేటప్పుడు కమలమ్మ గారిని మన నరసాపురం తీసుకువస్తానన్నాను. ఆవిడ గోదావరిని ఎప్పుడూ చూడలేదు. పెరటి వైపు గది కాస్త సర్ది ఉంచు. అంతకంటే ముందు శ్రీకాంత్ నీకు ఫోన్ చేస్తాడు. మీరెవరు, ఇంట్లో ఎంతమంది, తాళం ఎవరి దగ్గర ఉంటుంది అని గుచ్చి గుచ్చి అడుగుతాడు. కోప్పడకు. అన్నీ చెప్పు. నువ్వు కూడా అతన్ని అడగాల్సినవన్నీ అడుగు.

బావగారికి, పాస్టరు గారికి నా వందనాలు. పిల్లలకు ముద్దులు. మీ ప్రార్థనలో నన్నూ, ఈసారికి కమలమ్మ గారినీ కలుపుకోండి.

నీ చెల్లెలు
ఎస్తేరు