చెయ్యి విడిపించుకోలేదని

అక్కా, నేను బాగానే ఉన్నాను, బెంగపడకు. వృద్ధాశ్రమంలో ఆయాగా చేరిన నెలకే నన్ను తీసేశారు. ఒక ముసలావిడ ప్రాణం పోతూ నా చెయ్యి పట్టుకుంది. పక్కగదిలోంచి పిలుపుగంట మోగుతున్నా లేవలేకపోయాను. ఆ గదిలోని తాతగారు తనంతట తాను లేవబోయి, పడి తుంటి విరగ్గొట్టుకున్నారు. మర్నాడే నన్ను పొమ్మన్నారు.

ఇవాళ ఇంకో ఆశ్రమానికి పనికోసం వెళితే అక్కడి పెద్ద నర్సు, "నెలకే ఎందుకు తీసేశారు?" అనడిగింది. జరిగింది జరిగినట్టు చెప్పాను.

"మళ్ళీ ఎవరైనా అలా పట్టుకుంటే విడిపించుకుంటావా?"

ఊఁ అనబోయి, "విడిపించుకోలేనండీ" అనేశాను. "అయితే వెళ్ళిరామ్మా" అంది. రేపు వెళ్ళేచోట ఊఁ అనేస్తాను. కడుపు ఊరుకోదు కదా.

చిన్నాడికి జ్వరం తగ్గిందా? నా ఉన్ని శాలువా ఎవరిచేతైనా పంపు. బావగారికి నమస్కారాలు, పిల్లలకి ముద్దులు. మంచంలో ఉన్న నాన్న పిలిస్తే ఎవరు పలుకుతున్నారే? కాసేపు దగ్గర కూర్చో.

నీ చెల్లి