ఉంచుకున్న ఆఖరి ఆకు

వైశాఖ బహుళ తదియ

నేను రాస్తున్న మా అమ్మ కథ ఇవాళ ఏరు దాకా వచ్చింది. చెయ్యి గుంజుతోంది. నూలు కట్టలకు చుట్టి వచ్చే కాగితం అయిపోయింది. ఉన్నదానికే రెండు పక్కలా రాశాను... తప్పేమో.

షష్ఠి

నరహరి పాలమూరు నుంచి వచ్చాడు. చెల్లెలి కొడుకు, బడిపంతులు, పత్రికలవాళ్ళు తెలిసినవాడు. నాలుగు ఆకులు చదివాడు. నేను వాడి ముఖమే చూస్తూ కూర్చున్నాను.

"పెద్దమ్మా, గిది నువ్వే రాసినవా?"

"తప్పులున్నయా బిడ్డా?"

"తప్పులు నేను చూస్త. పత్రికల ఏయిద్దాం. కానీ కాగితానికి ఒక్క పక్కనే రాయాలె. అంచుకు జర జాగా ఇడువాలె."

అంటే మొత్తం మళ్ళీ రాయాలి. మా నాయిన ఇసుకలో దిద్దించిన అక్షరాలు తప్ప నాకు బడి తెలియదు. ఇంత పని అవుతుందా? కళ్ళు సాగుతాయా?

వైశాఖ బహుళ ద్వాదశి

సిరా ఒలికింది. రెండు ఆకులు పోయాయి. కోడలు అంజమ్మ చూసి — "నూలు కండెలు సుట్టుడు లేదాయె. గీ కాగితాలు నేస్తే చీరైతదా అత్తా?" నవ్వుతూనే అన్నది. నిజమే. నేనే సిగ్గుపడ్డాను.

జ్యేష్ఠ శుద్ధ పంచమి

అయిపోయింది. మొదటి ఆకు మీద పేరు రాశాను — కృష్ణమ్మ. వంకరగా వచ్చింది. నరహరి అన్నీ సంచిలో పెట్టుకొని జడ్చర్లలో రైలెక్కాడు.

ఆఖరి ఆకు మాత్రం ఇవ్వలేదు. చెయ్యి రాలేదు. మగ్గం మీద చీర కోసేటప్పుడు దువ్వెన లాంటి పన్నెలో పడుగు కొసలు, అంటే నిలువు దారాల చివర్లు, ఉంచేస్తాం. కొత్త పడుగును వాటికే అతుకుతాం. ఒకసారి అంతా కోసేయబోతే మా అత్త చేతి మీద కొట్టింది — మగ్గాన్ని ఉత్తది చేస్తవా అని. మగ్గానికి చెల్లింది కాగితానికి చెల్లుతుందా? వాడితో చెప్పనూ లేదు. అడిగితే ఇద్దాంలే. జొన్నల కుండలో పెట్టాను.

జ్యేష్ఠ బహుళ అష్టమి

కబురు లేదు. రైల్లో సంచి పోయిందేమో. వానకు తడిసిందేమో. పత్రికవాళ్ళు చదివి నవ్వుకున్నారేమో.

ఆషాఢ శుద్ధ దశమి

లేదు.

ఆషాఢ పున్నమి

అంజమ్మ పరుగున వచ్చింది. "అత్తా! గ్రంథాలయం అరుగు మీద మీ అమ్మ ముచ్చట సదువుతుండ్రు!"

చెప్పులు కూడా వేసుకోలేదు. పట్వారి తమ్ముడు గట్టిగా చదువుతున్నాడు. కరువు... మగ్గం అమ్ముకోవడం... నిండు నెలల అమ్మ, పడుగు కొసలు వేలాడుతున్న పన్నె ఒక్కటీ నెత్తిన పెట్టుకొని నడవడం. అంజమ్మ నా చెయ్యి పట్టుకొంది. ఎన్నడూ పట్టుకోలేదు.

దారిలో అమ్మ అన్నం తిన్నదట! నేను రాసింది జొన్న గట్క. అదీ సగం ముంత. కరువులో అన్నం ఎక్కడిది?

ఈ వారం భాగం అయ్యాక చివర్న పేరు చదివాడు. నరహరి.

"మన పాలమూరు పంతులే! ఏం రాసిండు పో!"

అంజమ్మ నోరు తెరవబోయింది. గిచ్చాను. ఎందుకు గిచ్చానో...

మరునాడు

పత్రికవాళ్ళే పొరబడి ఉంటారు. పంపినవాడి పేరు వేసి ఉంటారు. వాడు నా ఒళ్ళో పెరిగినవాడు.

ఆషాఢ బహుళ అష్టమి

రెండో వారం. అదే పేరు. అమ్మ ఏట్లో దిగింది. ఎగువన పడ్డ వానలకు నీళ్ళు పెరిగాయి, రొమ్ము దాకా వచ్చాయి. అక్కడ ఆపారు. అరుగు మీద జనం ఉసూరుమన్నారు.

ఆషాఢ బహుళ దశమి

నరహరి వచ్చాడు. కొత్త కోటు. కాళ్ళు కడుక్కోకుండానే లోపలికి —

"పెద్దమ్మా, ఆఖరాకు ఏది?"

"నా పేరేది బిడ్డా?"

నేల చూపులు చూశాడు. "ముసలమ్మ రాసిందంటే ఎవరేస్తరు? నీ గీతలు వాళ్ళకు సమజ్ గావు. అంతా నేనే తిరగరాసిన. ఇంట్లోడి పేరే గదా, ఎవలదైతేంది?"

అంజమ్మ లోపల నుంచే — "ఇంట్ల గట్కనే ఉన్నది పంతులూ. అన్నమని రాసుకొని తింటవా?"

వాడి ముఖం ఎర్రబడింది. "ఇయ్యకపోతే నేనే రాస్త. ఆమెను ఏట్లనే ముంచుత. సదివినోళ్ళు బోరున ఏడ్వాలె."

"మా అమ్మ మునగలేదురా. ఒడ్డెక్కింది. నన్ను కన్నది."

"గది నీకెరుక. వాళ్ళకెరుకనా?"

బుధవారం మళ్ళీ వస్తానన్నాడు. చిన్నప్పుడు జ్వరమొస్తే ఇదే గుంజకు ఆనుకొని పడుకునేవాడు.

ఆషాఢ బహుళ ఏకాదశి

ఇస్తే అమ్మ వాడిదైపోతుంది. ఇవ్వకపోతే మునిగిపోతుంది. పొద్దంతా ఇదే. పొయ్యి మీద జొన్నలు మాడాయి. అంజమ్మ వచ్చి దించింది. గ్రంథాలయం నుంచి పత్రిక అడిగి తెచ్చింది. వెనక అట్ట మీద వాళ్ళ చిరునామా.

ద్వాదశి

ఉత్తరం రాశాను. "అయ్యా, ఈ కథ నాది. ఏరు దాటిన ఆమె మా అమ్మ. నమ్మకుంటే ఆఖరి ఆకు చూడండి." నా గీతలు వాళ్ళు ఎన్నడూ చూడలేదు. ఏం చూసి నమ్ముతారు? అయినా...

టపా ఇంట్లో మనిషి అడిగాడు — "పంపేటోళ్ళ పేరేందవ్వా?"

"కృష్ణమ్మ."

"మీ ఆయన పేరు?"

"ఆయన పంపుతలేడు. నేను పంపుతున్న."

నవ్వాడు. రాసుకున్నాడు.

ఒక మాట ఇక్కడ దాచను. కవరు అంటించే ముందు ఆకు కింద రెండు వరుసలు చింపి ఉంచుకున్నాను. నా చెయ్యి మళ్ళీ అదే పని చేసింది. అమ్మ ఇసుకలో నన్ను కని, ఏటి పేరే నాకు పెట్టిన రెండు వరుసలు. అవి లేకపోతే ఆ కృష్ణమ్మ నేనేనని వాళ్ళకెట్లా తెలుస్తుంది? టపా సంచి పోయాక గుర్తొచ్చింది. ఎంత పిచ్చిదాన్ని.

బుధవారం

టపా రాలేదు. ఉత్తరం చేరిందో, చేరకముందే వాడు రాసినదే వేసేస్తారో.

బయట సైకిల్ గంట. అంజమ్మ తలుపు గడియ పెట్టి వీపు ఆనించి నిలబడింది. "పెద్దమ్మా... ఓ పెద్దమ్మా..." — గొంతు మెత్తగానే ఉంది. చిన్నప్పటి లాగే.

కాగితం ముక్క గుప్పిట్లో చెమటకు తడుస్తోంది. అమ్మ ఇంకా ఏట్లోనే ఉంది. నేనింకా పుట్టలేదు.