చివరి పదహారు పేజీలు

జూన్ 3, మంగళవారం. ఉదయం 6.10

మూడేళ్ల తర్వాత డైరీ తెరిచాను. పెన్ను మొరాయించింది, రెండుసార్లు విదిలిస్తే దారికొచ్చింది. కారణం ఒక్కటే. నేను పడి చచ్చే ఫాంటసీ సిరీస్‌లో అయిదో భాగం వచ్చేసింది! నిన్న లైబ్రరీకి పార్సిల్ వచ్చింది. కొత్త పుస్తకాలకు కవర్లు వేయాల్సింది బైండర్‌నైన నేనే కాబట్టి అందరికంటే ముందు నా చేతిలో పడింది. ఇంటికి తెచ్చుకుంటే లైబ్రేరియన్ మేడమ్ చూసీ చూడనట్టు ఊరుకున్నారు. ఇక రోజూ ఒక పేజీ రాస్తాను. ఒట్టు.

జూన్ 4

వంద పేజీలు అయ్యాయి. దీపం ఆర్పబుద్ధి కావడం లేదు.

జూన్ 5, లంచ్ టైమ్

మ్యాపుల పిల్ల, అదే, కథలో దారులన్నీ గీసే నా హీరోయిన్, బతికే ఉంది! నూట పన్నెండో పేజీలో తలుపు తోసుకుని లోపలికి వచ్చింది, ఏమీ జరగనట్టు. నాలుగో భాగం చివర వంతెన కూలి నదిలో పడిపోయింది కదా. నేను రెండు రోజులు అన్నం మానేసి ఏడ్చాను కదా. ఎలా బతికిందో రచయిత్రి ఒక్క ముక్క చెప్పలేదు. ఇంత మోసమా! కోపంగా ఉంది. కోపం కంటే సంతోషంగా ఉంది, సిగ్గు లేదు నాకు.

ఆ చావు నన్ను మామూలుగా దెబ్బతీయలేదు. అప్పట్లో నేనూ ఒక ఫాంటసీ రాస్తున్నాను. పదకొండు చాప్టర్లు అయ్యాయి. చదివేది చెల్లి ఒక్కతే. పడవ నడిపే అమ్మాయిని తుఫానులో వదిలేసి ఆగిపోయాను. అంత గొప్ప రచయిత్రే తన పిల్లను కాపాడుకోలేకపోతే నేనెంత అనిపించింది. పన్నెండో చాప్టర్ ఏదని చెల్లి అడిగీ అడిగీ, కిందటేడు ఇంక అడగనంది. అన్నమాట మీదే ఉంది.

జూన్ 6

చెల్లికి చెప్పాలంటే మొహం చెల్లడం లేదు. నాలుగో భాగం లైబ్రరీలో ఉన్నది ఒకే కాపీ. నాకంటే ముందు అదే చదివింది, నూట రెండు జ్వరంలో, పుస్తకం ఊడిపోయేదాకా. పిల్ల ఈదుకుంటూ ఒడ్డుకు చేరిందని వాదించింది. నేను బైండ్ చేసి, చదివి, చివరి పేజీ చూపించి దాని నోరు మూయించాను. జ్వరంలో కలగన్నావన్నాను. పాపం, నమ్మింది.

జూన్ 9, సోమవారం

అట్ట విరిగిన నిఘంటువు ఒకటి రిపేరుకు వచ్చింది. లోపల బైండర్ సంతకం నాది, తేదీ మూడేళ్ల కిందట నాలుగో భాగం బైండ్ చేసిన వారానిదే. అట్ట పలచగా ఉంటే చిత్తు కాగితాలు అతికించి మందం చేయడం మా పద్ధతి. తడిగుడ్డతో ఊడదీస్తుంటే ఒక కాగితం మీద నది కనిపించింది. దాని కింద ఇంకో కాగితం మీద ఒడ్డు. నాలుగో భాగం చివరి పదహారు పేజీలు! ఊడిపోయిన వాటిని చిత్తుబుట్టలో కలిపేసింది నేనే. మిగిలినవాటిలో ఆఖరి పేజీ ఫుల్‌స్టాప్‌తో ముగిసింది, అనుమానమే రాలేదు. మ్యాపుల పిల్లను చంపింది రచయిత్రి కాదు, నేను.

ముందు నవ్వొచ్చింది. తర్వాత చెల్లి మొహం గుర్తొచ్చి ఏడుపొచ్చింది.

అదే రోజు, సాయంత్రం

తడి కాగితాలు ట్రేలో పెట్టుకుని చెల్లి పనిచేసే మందుల షాపుకు వెళ్లాను. కౌంటర్ మీద పరిచి జరిగింది చెప్పాను. నిలబడే మొత్తం చదివింది. ఇద్దరు కస్టమర్లు చీటీలు పట్టుకుని ఎదురు చూశారు. దుమ్ము దులుపుతుందనుకున్నాను.

"అక్కా, మరి నీ పడవ పిల్ల సంగతేంటి?" అంది.

జూన్ 10, ఉదయం 5.40

చాప్టర్ 12. పడవ తిరగబడింది. ఆమెకు ఈత వచ్చు.