గుర్రపు స్వారీ వచ్చినవాళ్లు

మంగళవారం, రాత్రి

ఒళ్లంతా అలసట. రోజంతా ఒక్క క్వెరీతోనే, అంటే డేటాబేస్‌ని అడిగే ఒక్క ప్రశ్నతోనే సరిపోయింది.

ఫిల్మ్ నగర్ ఆఫీసులో నా పని జూనియర్ ఆర్టిస్టుల వివరాలుండే క్లౌడ్ డేటాబేస్ చూసుకోవడం. రేపటి యుద్ధం సీనుకి గుర్రపు స్వారీ, కత్తిసాము, ఈత మూడూ వచ్చినవాళ్ల కోసం కోఆర్డినేటర్ యాదగిరి వెతికితే, జవాబు రాకుండా స్క్రీన్ తిరుగుతూనే ఉంది. "అక్కా, జర జల్ది చూడు, డైరెక్టర్ నా పానం తీస్తుండు" అని ఒకటే ఫోన్లు.

డేటాబేస్ ఆ వెతుకులాటని ఏ దారిలో చేస్తోందో చెప్పే ప్లాన్ తీసి చూశాను. ఏ పదిమందో దొరుకుతారని అంచనా వేసుకుని, డేటాబేస్ ఒక్కొక్కరి వివరం విడివిడిగా తెచ్చే దారి పట్టింది. తీరా దొరికింది వేలమంది. దాని లెక్కలో స్వారీ వేరు, ఈత వేరు. మూడూ ఒకే మనిషికి రావడం అరుదు. జూనియర్ ఆర్టిస్టులుండే కృష్ణానగర్‌లో, ఏమేం వచ్చో అడిగే ఫారంలో ఒక గడికి టిక్కు పెట్టినవాడు అన్నిటికీ పెడతాడని దానికేం తెలుసు? ఆ మూడు కాలమ్‌లూ కలిసే నడుస్తాయని, డేటాబేస్ అంచనాకి వాడుకునే గణాంకాల్లో చేర్చాక క్షణంలో జవాబొచ్చింది. యాదగిరి అందులోంచి కొందరికి మెసేజ్ పెట్టాడు.

ఇంటికొస్తే, తనూ జూనియర్ ఆర్టిస్టే అయిన మా ఆయన గడ్డం గీసుకుంటూ ఈల వేస్తున్నాడు. రేపటి షూటింగ్‌కి పిలుపొచ్చిందట.

"గుర్రం ఎప్పుడెక్కినవ్ నువ్వు?" అన్నాను.

"రాదని రాస్తే ఎవడు పిలుస్తడే? ఫికర్ చెయ్యకు, గట్టిగ పట్టుకొని కూసుంట."

ఇప్పుడు హాయిగా నిద్రపోతున్నాడు. సాయంత్రం నేను ఆ క్వెరీని బాగుచేయకుండా ఉంటే, ఆ మెసేజ్ ఇతనికి వచ్చేదే కాదు.