పాత ఫాంటులో పేర్లు

చల్లపల్లి,
11 ఫిబ్రవరి 2025

ప్రియమైన నవ్య గారికి,

నా పేరు మాధవీలత. చల్లపల్లి బస్టాండు వెనక డీటీపీ షాపు నాది. పోయిన నెల మీ తెలుగు కంప్యూటింగ్ గ్రూపులో మీరు ఒక కాలేజీ మ్యాగజైన్ పేజీ ఫొటో పెట్టారు. అది నేను కొట్టిన పేజీ. అడుగున మా షాపు పేరు కూడా ఉంది. ఆ పీడీఎఫ్‌లోంచి కాపీ చేస్తే తెలుగు బదులు పిచ్చి గీతలు వస్తున్నాయని రాశారు, అది నిజమే. "ఇలాంటి షాపులు ఉన్నంతకాలం ఇంటర్నెట్లో తెలుగు బతకదు" అని కూడా రాశారు. నాలుగు వేల మందికి ఆ మాట నచ్చింది. కింద ఒకాయన నన్ను ఊరేగించాలన్నాడు.

పాత ఫాంటు నేను సరదాకి వాడటం లేదండీ. ప్రెస్సు వాళ్ళు అదే అడుగుతారు. నా దగ్గరున్న సాఫ్ట్‌వేర్‌లో, ఫోన్లలోనూ ఇంటర్నెట్లోనూ నడిచే ఆ యూనికోడ్ పెడితే ఒత్తులు ఊడిపోయి పక్కన కూర్చుంటాయి. పెళ్ళికూతురి పేరు ముక్కలైన శుభలేఖ ఎవరు తీసుకుంటారు?

ఆ కాలేజీ వాళ్ళు ఈ ఏడాది మ్యాగజైన్ పనిని విజయవాడ వాళ్ళకి ఇచ్చారు. పదహారేళ్ళుగా నేనే చేసేదాన్ని. మీరు వాళ్ళతో మాట్లాడాలని కోరడం లేదు. తెలియాలని రాశాను.

ఫోన్లో వేలితో వెతుక్కుంటూ ఇంత రాయడం నాకు చేతకాదు. అందుకే నాకు అలవాటైన కీబోర్డులో కొట్టి, ప్రింటు తీసి పోస్టు చేస్తున్నాను. మీకు ఇంటర్లో తెలుగు చెప్పిన గంగరాజు మాస్టారు అడ్రసు ఇచ్చారు.

ఇట్లు,
మాధవీలత

*

గుడివాడ,
19 ఫిబ్రవరి

ప్రియమైన మాధవీలత గారికి,

షాపు పేరు ఫొటోలోంచి తీసేశాను. పెట్టేటప్పుడు అది చూసుకోలేదు, చూసుకుని ఉండాల్సింది. క్షమించండి. కాలేజీకి మెయిల్ రాశాను, జవాబు లేదు.

కానీ నా అభిప్రాయం అదేనండీ. కారణం చెబుతాను. మా నానమ్మ మహాలక్ష్మమ్మకి నీటికాసులతో చూపు పోయి మూడేళ్ళవుతోంది. నేను ఇంటి నుంచే పని చేస్తాను కాబట్టి రోజంతా మేమిద్దరమే. పేపరూ కథలూ అన్నీ ఆవిడకి ఫోనే చదివి పెడుతుంది. మీరు కొట్టిన ఆ మ్యాగజైన్లో ఆవిడ తమ్ముడి మీద ఒక వ్యాసం ఉంది. ఆయన ఆ కాలేజీలో లెక్కల లెక్చరరుగా చేసి పోయారు. నానమ్మ ఎంతో ఆశగా కూర్చుంది. ఫోను ఇంగ్లీషు అక్షరాలూ చుక్కలూ బ్రాకెట్లూ వరసగా చదివింది. కాసేపు విని, ఇది ఏ భాషని అడిగింది నానమ్మ.

ఆ కోపంలో పెట్టిన పోస్టు అది. మీమీద కోపం కాదు. అప్పటికి మీరెవరో నాకు తెలియదు.

ఉంటాను,
నవ్య

*

చల్లపల్లి,
6 మార్చి

ప్రియమైన నవ్యా,

నాకంటే చిన్నదానివని మాస్టారు చెప్పారు, నువ్వనే అంటున్నాను.

కళ్ళు లేనివాళ్ళకి ఫోను చదివి పెడుతుందని నాకు నిజంగా తెలియదు. నీ ఉత్తరం వచ్చాక నేను కొట్టిన ఫైలొకటి ఫోనులో పెట్టి చదివించాను. రెండు నిమిషాలు కూడా వినలేకపోయాను. మీ నానమ్మగారికి ఆ వ్యాసం నువ్వే చదివి వినిపించి ఉంటావనుకుంటున్నాను. లేకపోతే వినిపించు, బాగుంటుంది. కొట్టేటప్పుడు నేను చదివాను.

ఒక పని అడుగుతాను. 2002లో దివిసీమ ఉప్పెనకి పాతికేళ్ళు నిండాయని, నాగాయలంక అవతల ఒక చేపలపల్లె పెద్దలు నా దగ్గరికి ఒక నోటుపుస్తకం తెచ్చారు. ఇల్లిల్లూ తిరిగి, ఆ పల్లెలో పోయినవాళ్ళ పేర్లూ వయసులూ రాసుకొచ్చారు. అవన్నీ కొట్టి చిన్న పుస్తకం చేసి ఇచ్చాను. ఇప్పుడు ఆ పల్లెలో ఒక్క కాపీ కూడా సరిగ్గా లేదట. చెమ్మకి కొన్ని, చెదలకి కొన్ని పోయాయి. వాళ్ళ మనవలు అప్పుడప్పుడు ఫోన్ చేసి అడుగుతుంటారు. ఫైలు నా దగ్గర ఉంది. నువ్వన్నట్టు అది కూడా పిచ్చి గీతలే. దాన్ని మార్చగలవా?

పెన్‌డ్రైవ్ కొరియర్లో పంపుతున్నాను.

ఆశీస్సులతో,
మాధవీలత

*

గుడివాడ,
14 ఏప్రిల్

ప్రియమైన మాధవీలత పిన్నిగారికి,

అయిపోయింది. మీ ఫాంటుని యూనికోడ్‌లోకి మార్చే ప్రోగ్రాం రాయడానికి అయిదు వారాంతాలు పట్టింది. ఒత్తులతోనే చచ్చాను. మొదటిసారి నడిపితే పున్నమ్మలంతా పునమ్మలయ్యారు. ఇప్పుడు సరిగ్గా వస్తోంది. ఒక వెబ్ పేజీ చేసి మొత్తం రెండు వందల అయిదు పేర్లు పెట్టాను. ఎవరైనా వెతకవచ్చు, ఫోనులో చదివించుకోవచ్చు. లింకు కూడా మెసేజీలో పంపాను.

ప్రోగ్రామ్‌ని గ్రూపులో అందరికీ ఉచితంగా ఇచ్చాను. అక్కడ పెద్ద గొడవ జరుగుతోంది. ప్రింటుని ఫొటో తీసి, ఓసీఆర్‌తో కంప్యూటరు చేతే అక్షరాలు గుర్తుపట్టిస్తే పోయేదానికి ఇంత శ్రమెందుకని కొందరు. పాత ఫాంటు వాళ్ళకి ఇలా సాయం చేస్తూపోతే వాళ్ళెప్పటికీ మారరని ఇంకొందరు. వీరేంద్ర అనే ఆయన నా జనవరి పోస్టు స్క్రీన్‌షాట్ తీసి, ఇది రాసింది మీరే కదా అని పెట్టాడు. అవును, నేనే. నలభై కామెంట్లకి జవాబులు రాశాను. ఆఫీసు పని ఒక రోజు ఆగిపోయింది.

వ్యాసం నానమ్మకి చదివాను. రెండుసార్లు చదివించుకుంది.

మీ
నవ్య

*

చల్లపల్లి,
2 మే

ప్రియమైన నవ్యా,

పేజీ చూశాను. అక్షరాలు నేను కొట్టినవాటికంటే అందంగా ఉన్నాయి. అయితే లెక్క సరిపోలేదు. నా ప్రింటులో రెండు వందల పద్నాలుగు ఉన్నాయి. షాపు మూసుకుని కూర్చుని వరస వరసా పోల్చాను. తొమ్మిది లేవు.

తొమ్మిదీ పసిబిడ్డలవి. నోటుపుస్తకంలో ఎలా ఉంటే అలాగే కొట్టాను. ఒకటి రాస్తాను చూడు: "పోలమ్మ బిడ్డ, పద్దెనిమిది రోజులు, పేరు పెట్టలేదు." పేరుండాల్సిన చోట పేరు లేదు కాబట్టి, తప్పు వరసలని నీ ప్రోగ్రాం వదిలేసి ఉంటుంది.

నిన్ను తప్పు పట్టడానికి రాయడం లేదు. 2002లో నేనూ అదే చేయబోయాను. పేజీలో పట్టడం లేదు, పేర్లు లేనివి తీసేద్దామా అని ఆ పెద్దల్ని అడిగాను. వాళ్ళలో ఒకాయన, "వాళ్ళూ పోయినవాళ్ళే కదమ్మా" అన్నాడు. అక్షరం సైజు తగ్గించి పట్టించాను.

ఆశీస్సులతో,
మాధవీలత

*

గుడివాడ,
9 మే

ప్రియమైన పిన్నిగారికి,

మీరు ఊహించిందే. పేరు గడి ఖాళీగా ఉంటే ఆ వరస వదిలెయ్యమని నేనే రాశాను. ఆ ఒక్క లైను చూసి గ్రూపులో ఇద్దరు శుభ్రంగా రాశారని మెచ్చుకున్నారు కూడా. పోయిన వరసలు ఎన్నో లెక్క చూసుకోవాలని నాకు తోచలేదు.

తొమ్మిదింటినీ వాటి వాటి చోట్లలో పెట్టాను. జరిగింది జరిగినట్టు గ్రూపులో రాశాను. పదకొండు మంది చూసినట్టు గుర్తు పెట్టారు. వాదించడానికి ఎవరూ రాలేదు. నేనూ ఇక ఆ గొడవలోకి వెళ్ళడం లేదు. వెళ్ళినప్పుడల్లా గెలవాలనిపిస్తుంది, ఎదురుగా ఎవరున్నారో కనపడదు.

పల్లెలో వాళ్ళకి మీరొకసారి వినిపిస్తే బాగుంటుంది. నానమ్మని ఒంటరిగా వదిలి నేను రాలేను.

మీ
నవ్య

*

చల్లపల్లి,
3 జూన్

ప్రియమైన నవ్యా,

ఆదివారం వెళ్ళాను. నాగాయలంక దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో. తుఫాను షెల్టరు వరండాలో పాతిక మంది దాకా కూర్చున్నారు. ఫోను మధ్యలో పెట్టి నీ పేజీ చదివించాను. అది ఇంటిపేర్లు వంకరగా పలికినప్పుడు నవ్వారు. తమవాళ్ళ పేరు వచ్చినప్పుడు ఎవరికి వాళ్ళు తల ఊపారు. పెద్దగా ఏడ్చినవాళ్ళు లేరు.

పోలమ్మ అక్కడే ఉందని నాకు తెలియదు. డెబ్బై ఏళ్ళుంటాయి, ఎండుచేపలు అమ్ముతుంది. తన వరస వచ్చాక మళ్ళీ పెట్టమంది. పెట్టాను. మూడోసారి ఆపమని చెయ్యి చూపించింది. "పేరు పెట్టలేదని ఎవరు చెప్పారు?" అని అడిగింది.

నోటుపుస్తకంలో అలా ఉందని చెప్పాను. అప్పుడు నెమ్మదిగా చెప్పుకొచ్చింది. పురుటి రోజునే పేరు పెట్టుకున్నారట. పెద్దలు రాసుకోవడానికి వచ్చిన రోజు ఆవిడ చేపలకి వెళ్ళింది, భర్త ఇంట్లో ఉన్నాడు. ఆయనకి ఆ పేరు నోట రాలేదు. పెట్టలేదని రాయించేశాడు. పుస్తకం ఇంటికి వచ్చింది గానీ ఆవిడకి చదువు రాదు, ఆయన చదివి వినిపించలేదు. ఆయన పోయి ఆరేళ్ళయింది. అందులో ఏం రాసుందో మొన్న ఆదివారమే ఆవిడ మొదటిసారి విన్నది.

నేను కొట్టింది తప్పు నవ్యా. ఫాంటుది కాదు, నీ ప్రోగ్రాముదీ కాదు. అడగాల్సిన మనిషిని ఎవరూ అడగలేదు.

ఆ తొమ్మిది మంది తల్లుల్లో ఇంకో ఇద్దరు ఉన్నారని తెలిసి వాళ్ళ ఇళ్ళకీ వెళ్ళాను. సుబ్బాయమ్మ బిడ్డకి నిజంగానే పేరు పెట్టలేదు, అలాగే ఉండనివ్వమంది. మూడో ఆవిడ మాట్లాడలేదు. మళ్ళీ ఎప్పుడైనా వెళ్తాను.

ఈ ఒక్కటీ మార్చు. పోలమ్మ పక్కన కూర్చుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఫోనులో నేనే కొట్టాను. నీకు మెసేజీలో వచ్చి ఉంటుంది. ఇక్కడ కూడా రాస్తున్నాను:

నాంచారయ్య, పద్దెనిమిది రోజులు. తల్లి పోలమ్మ.

కొట్టాక ఫోను చేత చదివించాను. సరిగ్గానే పలికిందని చెప్పి, బుట్ట నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయింది.

ప్రేమతో,
మాధవీలత